గూగుల్‌లో దొరకనిదాన్ని నెట్‌లో వెతికి పట్టుకోవడం ఎలా?

"పాత జీవో ఒకటి కావాలి, ఎంత కొట్టినా రావట్లేదు." "మా తాతగారు 1950ల్లో ఏదో పత్రికలో రాశారట, ఎక్కడా కనపడదు." "పొలం సర్వే నంబరు కొడితే ప్లాట్ల ప్రకటనలే వస్తున్నాయి." ఈ మూడు ప్రశ్నలే తిప్పి తిప్పి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసేస్తున్నాను.

ముందుగా ఒక మాట. గూగుల్ ఆదేశాలనూ సైట్ల చిరునామాలనూ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను. కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. "సైట్:" అని రాస్తే ఇంగ్లిష్‌లో ఆ మాట, వెంటనే కోలన్, ఆ వెంటనే చిరునామా. మధ్యలో ఖాళీ వదిలితే పనిచేయదు.

1. కొట్టే ముందు మూడు ప్రశ్నలు

సెర్చ్ పెట్టె కనపడగానే చేతికొచ్చిన మాట కొట్టేస్తాం. సగం టెన్షన్ అక్కడే మొదలవుతుంది. గూగుల్ అయినా బింగ్ అయినా నెట్‌లో ఉన్న సమస్తానికీ జాబితా కాదు. లింకులు పట్టుకుని వెళ్లి, చదవగలిగినవాటినే గుర్తు పెట్టుకుంటుంది. చదవలేనిది దాని లెక్కలో లేనట్టే.

అందుకే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

☐ ఇది ఎవరి దగ్గర ఉంటుంది? (ప్రభుత్వ శాఖ, లైబ్రరీ, కోర్టు, పత్రిక, ఎవరో ఒక సంఘం)
☐ ఏ రూపంలో ఉంటుంది? (టైపు చేసిన అక్షరాలు, స్కాన్ చేసిన బొమ్మ, ఫారం నింపితే వచ్చే ఫలితం, వీడియో)
☐ దాచినవాళ్లు దానికి ఏ పేరు పెట్టి ఉంటారు?

మూడోదే అసలు తాళంచెవి. మనం "తాత వ్యాసం" అని వెతుకుతాం. దాచినవాళ్లు పత్రిక పేరు, సంపుటం, సంచిక నంబరు తప్ప ఇంకేమీ రాసి ఉండరు. మా పెదనాన్న వ్యాసం కోసం మూడు రాత్రులు ఆయన పేరుతోనే వెతికాను. చివరికి పత్రిక పేరు, సంవత్సరం పట్టుకుని వెళితే అరగంటలో దొరికింది. ఆ స్కాన్ వివరాల్లో ఆయన పేరు ఎక్కడా లేదు.

2. ఎందుకు దొరకట్లేదో తేల్చుకోండి

దొరకకపోవడానికి కారణాలు ఎన్నో లేవు. మీది ఏ రకమో తెలిస్తే నేరుగా ఆ మెట్టుకే వెళ్లొచ్చు.

ఫారం వెనక ఉన్నవి: జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని, క్యాప్చా (బొమ్మలో చూపించే అక్షరాలు) కొడితే తప్ప తెరుచుకోనివి. భూమి రికార్డులు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలు), కోర్టు కేసులు ఈ రకం. ఆ పేజీ మీరు అడిగినప్పుడే పుడుతుంది కాబట్టి గూగుల్‌కి అది కనపడదు. (6వ మెట్టు)

బొమ్మగా ఉన్నవి: స్కాన్ చేసిన పుస్తకాలు, సంతకం పెట్టాక స్కాన్ చేసిన ఉత్తర్వులు. (5, 6 మెట్లు)

పాత ఫాంట్లలో ఉన్నవి: మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు. కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నది మాత్రం పిచ్చి గుర్తులు. పరీక్ష చాలా తేలిక. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే యూనికోడ్, అంటే సెర్చ్ ఇంజిన్లు చదవగలిగే అక్షరాలు. గజిబిజి గుర్తులు వస్తే పాత ఫాంటు. అసలు కాపీయే కాకపోతే బొమ్మ.

తలుపు వేసినవి: లాగిన్ అడిగేవి, వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ ప్రైవేటు గ్రూపులు, "మమ్మల్ని లెక్కలోకి తీసుకోవద్దు" అని సెర్చ్ ఇంజిన్లకు సైటు యజమానే చెప్పినవి.

పోయినవి: చిరునామా మారిన, మూతబడిన సైట్లు. (7వ మెట్టు)

పోయినవి తప్ప మిగతాదంతా, అంటే సెర్చ్ ఇంజిన్లకు అందని భాగం, డీప్ వెబ్ కిందికి వస్తుంది. డార్క్ వెబ్ వేరు, అది టార్ లాంటి ప్రత్యేక బ్రౌజర్‌తో తప్ప తెరుచుకోదు. పొలం అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు) కోసం టార్ బ్రౌజర్ వేసుకోవాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదు.

3. గూగుల్‌ని దారికి తెచ్చుకోండి

మీరు కొట్టినదాన్ని గూగుల్ ఉన్నదున్నట్టు వెతకదు. తనకు తోచిన పర్యాయపదాలు, దగ్గరి స్పెల్లింగులు కలుపుకుంటుంది. బిర్యానీ రెసిపీకి అది మేలే. ఉత్తర్వు నంబరు దగ్గర మాత్రం ప్రాణం తీస్తుంది. ఈ వరసలో వెళ్లండి:

☐ ఫలితాల పైన "వెబ్" అనే ట్యాబ్ నొక్కండి. 2024లో వచ్చింది. వీడియోలు, ఏఐ సారాంశం పోయి లింకులు మాత్రమే మిగులుతాయి. కనపడకపోతే "మోర్" కింద చూడండి.
☐ ఇంకా వేరేవి కలుపుతుంటే టూల్స్‌లోకి వెళ్లి "వెర్‌బాటిమ్" ఎంచుకోండి.
☐ తప్పక ఉండాల్సిన మాటను " " మధ్య పెట్టండి.
☐ సైట్:ఏపీ.గవ్.ఇన్ లేదా సైట్:తెలంగాణ.గవ్.ఇన్ అని కలిపితే ఆ సర్కారు సైట్లే వస్తాయి.
☐ ఫైల్‌టైప్:పీడీఎఫ్ అని కలిపితే పీడీఎఫ్‌లే వస్తాయి.
☐ అక్కర్లేని సైటు పదే పదే వస్తుంటే దాని ముందు మైనస్: -సైట్:యూట్యూబ్.కామ్
☐ బిఫోర్:2015, ఆఫ్టర్:2010 అని సంవత్సరాలతో బిగించండి. ఈ తేదీలు గూగుల్ అంచనాలే. దొరక్కపోతే ముందుగా తీసేయాల్సింది వీటినే.

అన్నీ ఒకేసారి వేయకండి. ఒక్కొక్కటే కలుపుతూ పోవాలి. లేదంటే దేనివల్ల ఫలితాలు సున్నా అయ్యాయో తెలియదు.

ఇప్పటికీ కొందరు మాట ముందు ప్లస్ గుర్తు పెడుతున్నారు. గూగుల్ 2011లోనే దాన్ని తీసేసింది. ఫలితం పక్కన ఉండే "క్యాష్డ్" లింకు కూడా 2024లో పోయింది. దాని బదులు ఏం చేయాలో 7వ మెట్టులో ఉంది.

4. తెలుగు స్పెల్లింగుల చిక్కు విప్పండి

ఇంగ్లిష్ చిట్కాలన్నీ నేర్చుకున్నవాళ్లు కూడా బోల్తా పడేది ఇక్కడే. తీరిగ్గా చదవండి.

విభక్తులు: మన భాషలో ప్రత్యయం మాటకే అతుక్కుంటుంది. "నిజామాబాదు" అని కోట్స్‌లో పెడితే "నిజామాబాదులో" ఉన్న పేజీ తప్పిపోవచ్చు. "పుస్తకం" కొడితే "పుస్తకాల", "పుస్తకాన్ని" రాకపోవచ్చు. కోట్స్ పెట్టేటప్పుడు ప్రత్యయాలు మార్చి రెండు మూడుసార్లు కొట్టండి. మధ్యలో ఓఆర్ అని పెద్దక్షరాల్లో రాస్తే ఒకేసారి అడగొచ్చు.

కలపడం, విడదీయడం: పట్టాదారు పాసు పుస్తకం, పాసుపుస్తకం, పాస్ పుస్తకం, పాస్‌బుక్. నాలుగూ ఒకటేనని మనకు తెలుసు, యంత్రానికి తెలియకపోవచ్చు.

కనపడని అక్షరం: "ఆన్‌లైన్", "ఆన్లైన్" మధ్య తేడా చూడండి. మొదటిదాంట్లో న్ తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు ఉంది. రెండోదాంట్లో లేదు. పేజీ తెరిచి కంట్రోల్, ఎఫ్ నొక్కి వెతికినా దొరకడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే. రెండు రకాలుగానూ కొట్టండి. లేదా ఆ గుర్తు రాని ముక్కను మాత్రమే, "లైన్" అని, కొట్టండి.

పాత రాత: 1950లకు ముందు పుస్తకాల్లో అరసున్నాలు, బండి ఱ దండిగా ఉంటాయి. "వాడు" కాదు "వాఁడు", "చెరువు" కాదు "చెఱువు". పాత వచనంలో వెతికేటప్పుడు ఆ రాతలోనూ కొట్టాలి. "చరిత్ర" దొరక్కపోతే "చరిత్రము", "చరిత్రము" దొరక్కపోతే "చరిత్రమ్".

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు: ఇది రెండు రకాలు. స్కాన్ చేసి ఎక్కించినవాళ్లు నోటికొచ్చినట్టు రాస్తారు. చ కోసం సిహెచ్ రాసేవాళ్లు, త కోసం టి రాసేవాళ్లు, టిహెచ్ రాసేవాళ్లు, దీర్ఘానికి రెండు ఏలు పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు. కనీసం నాలుగు స్పెల్లింగులు రాసి పెట్టుకోండి.

రెండోది లైబ్రరీల పద్ధతి. వరల్డ్‌క్యాట్ (ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి జాబితా), అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాల్లో చ అంటే ఒక్క సి అక్షరమే. సిహెచ్ అంటే ఛ. అందుకని "చరిత్ర" అక్కడ సి-ఏ-ఆర్-ఐ-టి-ఆర్-ఏ. "ఆచార్య"లో కూడా సి తర్వాత హెచ్ ఉండదు. అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు కొట్టనవసరం లేదు, మామూలు అక్షరాలు చాలు. ఈ ఒక్క సంగతి తెలియక, లైబ్రరీలో ఉన్న పుస్తకాన్నే లేదనుకుని వదిలేస్తారు.

5. పాత పుస్తకాలు, పత్రికలు

ఒకప్పటి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ (ఆర్కైవ్.ఆర్గ్) సైటులో పెద్ద ఎత్తున ఉన్నాయి. వాటి గుర్తింపు సంఖ్యలు "ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015" అని మొదలవుతాయి. పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే, అదీ అడ్డదిడ్డంగా. రచయిత పేరు చోట సంపాదకుడి పేరో, ఇంటిపేరు ఒక్కటో ఉండొచ్చు.

వెతికే వరస:

☐ గూగుల్ నుంచి కాకుండా ఆర్కైవ్ సైటులోకే వెళ్లండి.
☐ ముందు పేరులో ఒక్క మాటే, ఎక్కువ రకాలుగా రాసే వీలు లేనిది, కొట్టండి. "ఆంధ్ర" బాగానే దొరుకుతుంది. "సాంఘిక" అనేదాన్ని ఎవరెలా రాశారో చెప్పలేం.
☐ ఎడమవైపు భాషల్లో తెలుగు ఎంచుకోండి. రాకపోతే ఆ ఎంపిక తీసేసి మళ్లీ చూడండి. తెలుగు పుస్తకానికి వేరే భాష పేరు తగిలించిన సందర్భాలు ఉన్నాయి.
☐ తర్వాత "టెక్స్ట్ కంటెంట్స్" లోపల వెతికే ఎంపిక పెట్టి, తెలుగు లిపిలో కొట్టండి. స్కాన్ల నుంచి యంత్రం గుర్తుపట్టిన అక్షరాల్లో అది వెతుకుతుంది. ఒత్తులు తప్పుగా చదువుతుంది కాబట్టి ఒత్తుల్లేని మాట ఎంచుకోండి.
☐ సంవత్సరం ఫిల్టర్ నమ్మకండి. ముద్రణ సంవత్సరం తప్పుగా ఎక్కినవి కొల్లలు.

పత్రికలకైతే రచయిత పేరు పక్కన పెట్టండి. పత్రిక, సంవత్సరం, నెల తేల్చుకుని, ఆ సంచిక తెరిచి విషయసూచిక చూసుకోవడమే. పాత పత్రికల స్కాన్లకు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్ కూడా చూడాలి. సంవత్సరం తెలియకపోతే, రచయిత తర్వాత వేసిన సంపుటాల ముందుమాటల్లో "మొదట ఫలానా పత్రికలో వచ్చింది" అన్న ఆధారం ఉంటుందేమో చూడండి.

టైపు చేసిన పాఠమే కావాలంటే తెలుగు వికీసోర్స్. మాట అర్థానికైతే ఆంధ్రభారతి నిఘంటు శోధన. బ్రౌన్ నిఘంటువు కోసం షికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ. ఇవన్నీ సొంత వెతుకుడు పెట్టెలున్న సైట్లు. గూగుల్ మీదుగా వెళితే సగమే చూస్తారు.

బొమ్మ పీడీఎఫ్ చేతికొచ్చాక అందులో వెతకాలంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు అక్షరాలుగా మారుతుంది. పెద్ద ఫైలైతే పదేసి పేజీల ముక్కలు చేసుకోండి. ఒకటి రెండు పేజీలకు ఫోన్‌లో గూగుల్ లెన్స్ చాలు.

అను ఫాంటు పీడీఎఫ్‌కి ఒక చిట్కా ఉంది. మీకు కావలసిన మాట ఎక్కడో ఒకచోట కంటితో పట్టుకుని, కాపీ చేసి, వచ్చిన పిచ్చి గుర్తులనే వెతుకుడు పెట్టెలో పేస్ట్ చేయండి. ఆ ఫైలులో ఆ మాట ఎక్కడున్నా దొరుకుతుంది.

6. ఫారం వెనక ఉన్నవి: జీవోలు, భూమి, కోర్టు

జీవోలు: నంబరు ఒక్కటే కొడితే ఎప్పటికీ దొరకదు. జీవో నంబర్లు శాఖకొక వరసలో, ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి. అంటే "జీవో 25" అనేవి ఏడాదికే ఎన్నో ఉంటాయి. కావలసినవి నాలుగు: జీవో రకం (నంబరు ముందు ఉండేది ఎంఎస్సా ఆర్‌టీనా), నంబరు, శాఖ, తేదీ. అందరికీ తెలిసిన 610 జీవో కూడా పూర్తిగా చెప్పాలంటే ఎంఎస్ నం. 610, సాధారణ పరిపాలన శాఖ, 30-12-1985.

ఈ నాలుగూ తెలిస్తే రెండు రాష్ట్రాల జీవో సైట్లలో శాఖ, తేదీ పెట్టి వెతకండి. తేదీ కచ్చితంగా తెలియకపోతే నెల రోజులు ముందూ వెనకా ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు నుంచి 2024 ఆగస్టు వరకు ఆ సైటులో జీవోలు పెట్టడం ఆపేశారు. ఆ మధ్యకాలానివి దొరక్కపోతే తప్పు మీది కాదని తెలుసుకుని ఈ-గెజిట్ (సర్కారు రాజపత్రం సైటు) వైపు, శాఖల సొంత సైట్ల వైపు చూడండి. సర్వీసు, జీతాల జీవోలైతే ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాల సైట్లే నయం. అవసరం వాళ్లది కాబట్టి జాగ్రత్తగా దాచుకుంటారు.

భూమి: ఆంధ్రలో మీభూమి సైటు, తెలంగాణలో భూభారతి సైటు. 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. కాబట్టి పాత వీడియోల్లో చూపించే ధరణి లింకులు పట్టుకుని తిరగకండి. వెళ్లేముందు ఇవి చేతిలో ఉంచుకోండి:

☐ రెవెన్యూ గ్రామం పేరు (మీరు ఊరి పేరుగా పిలిచేది శివారు పల్లె కావచ్చు)
☐ సర్వే నంబరు, సబ్‌డివిజన్ సహా
☐ ఖాతా నంబరు
☐ జిల్లాల విభజనకు ముందు, తర్వాత ఏ మండలం, ఏ జిల్లా

సర్వే నంబరు 112/2ఏ అయితే, 112 అని కొట్టి జాబితాలోంచి ఎంచుకోవడం మేలు. ఈసీ రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో 1983 నుంచే. అంతకు ముందుదైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తే. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్, ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్, డైగ్లాట్ లాంటి పాత భూమి రికార్డుల కోసం నెట్‌లో రాత్రుళ్లు గడపకండి. తహసీల్దార్ ఆఫీసులో నకలుకు పెట్టుకోవడమే దారి.

కోర్టు: 16 అంకెలు, అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే గుర్తింపు) ఉంటే ఈ-కోర్ట్స్ సైటులో ఒక్క నిమిషం పని. లేకపోతే కక్షిదారు పేరుతో వెతకాలి. పూర్తి పేరు కొట్టకండి. వెంకటేశ్వర్లును ఇంగ్లిష్‌లో ఎవరెలా రాశారో దేవుడికే తెలియాలి. మొదటి నాలుగైదు అక్షరాలు, సంవత్సరం ఇచ్చి, జాబితాలోంచి ఏరుకోండి. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పుల పాఠానికి ఇండియన్ కానూన్ సైటు చాలు.

7. చచ్చిన లింకులు

పేజీ లేదని చెప్పే "404" చూసి వెనక్కి రాకండి. ఆ చిరునామా మొత్తం కాపీ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పేస్ట్ చేయండి. 1996 నుంచి పేజీల నకళ్లు అక్కడ ఉన్నాయి. క్యాలెండర్‌లో గుండ్రటి గుర్తున్న తేదీ నొక్కితే ఆనాటి పేజీ వస్తుంది.

చిరునామా సరిగ్గా గుర్తులేకపోతే సైటు పేరు కొట్టి చివర /* పెట్టండి. ఆ సైటులో దాచినవన్నీ వరసగా వస్తాయి. పైనున్న ఫిల్టర్ పెట్టెలో పీడీఎఫ్ అని కొడితే పీడీఎఫ్‌లే మిగులుతాయి. మూతబడిన శాఖల సైట్ల నుంచి నేను పాత సర్క్యులర్లు పట్టుకున్నది ఎక్కువగా ఇలాగే.

ఫారం నింపితే వచ్చే ఫలితాలు మాత్రం అక్కడా సాధారణంగా ఉండవు.

8. వీడియోలు, టెలిగ్రామ్

దీని మీద చెప్పేది కొంచెమే. యూట్యూబ్ వెతుకుడులో కూడా బిఫోర్:, ఆఫ్టర్: పనిచేస్తాయి. టెలిగ్రామ్ పబ్లిక్ ఛానల్ అయితే చిరునామాలో టి.మీ తర్వాత /ఎస్/ పెట్టి ఛానల్ పేరు రాస్తే, యాప్ లేకుండానే బ్రౌజర్‌లో చదవొచ్చు. వాట్సాప్ గ్రూపులో ఉన్నది ఆ గ్రూపువాళ్లను అడిగి తెచ్చుకోవాల్సిందే.

9. తరచూ చేసే పొరపాట్లు

కస్టమర్ కేర్ నంబరు సెర్చ్‌లోంచి తీసుకోవడం. దీనికంటే ప్రమాదం ఇంకొకటి లేదు. దొంగ నంబర్లు పైన కనపడేలా పెట్టేవాళ్లు ఉన్నారు. మా బంధువు ఒకాయన ఇలాగే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని డబ్బు పోగొట్టుకున్నారు. నంబరు కార్డు వెనక నుంచో, పాస్‌బుక్ నుంచో, కంపెనీ సొంత యాప్ నుంచో తీసుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సర్కారు సైటులా కనపడేదాన్ని నమ్మడం. చిరునామాలో సైటు పేరు చివర (పేజీ వివరాల ముందు వచ్చే / గీత వరకు) గవ్.ఇన్ లేదా ఎన్ఐసీ.ఇన్ ఉందా చూడండి. మధ్యలో ఉంటే లెక్కలోకి రాదు.

ఏఐ సారాంశం చెప్పిన జీవో నంబరునో సెక్షన్‌నో దరఖాస్తులో రాసేయడం. అసలు కాగితం తెరవకుండా వాడొద్దు. లేని నంబరును కూడా అది ధీమాగా చెప్పేస్తుంది.

సర్వర్ మొరాయిస్తే రికార్డు లేదనుకోవడం. ఉదయాన్నేనో రాత్రి పొద్దుపోయాకో మళ్లీ చూడండి, బ్రౌజర్ మార్చి చూడండి.

10. అక్కడా లేదంటే

ప్రభుత్వం దగ్గర ఉండి తీరాల్సిన కాగితమైతే సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "ఫలానా విషయం మీద ఉన్న కాగితాలన్నీ" అని అడిగితే తిప్పి పంపుతారు. నంబరు, తేదీ, శాఖ రాసి "ధ్రువీకరించిన నకలు ఇప్పించగలరు" అని ఒక్కటే అడగండి. ఇంతసేపు వెతికి పోగుచేసిన వివరాలు ఇక్కడ పనికొస్తాయి.

11. దొరికిన వెంటనే

☐ పీడీఎఫ్ దించుకోండి. లింకు దాచుకుంటే చాలదు.
☐ అందరూ చూడగలిగే పేజీ అయితే వేబ్యాక్ మెషీన్‌లోని "సేవ్ పేజ్ నౌ"లో ఆ చిరునామా వేయండి. సొంత వివరాలున్నవి వేయకండి.
☐ ఫారం ఫలితమైతే తేదీ కనపడేలా ప్రింట్ టు పీడీఎఫ్ చేసుకోండి.
☐ ఫైలుకు "డౌన్‌లోడ్ 3" అన్న పేరు ఉంచకండి. సంవత్సరం, శాఖ లేదా పత్రిక, నంబరు, విషయం, ఈ వరసలో పెట్టండి.
☐ ఏ సైటులో, ఏ స్పెల్లింగుతో దొరికిందో ఆ ఫోల్డర్‌లోనే ఒక చిన్న నోట్ రాసి పెట్టండి. ఆరు నెలల తర్వాత రెండో పేజీ కోసం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వచ్చేది మీరే.